మా డారెల్ కోచ్ నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు మాట

నిన్న పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే లక్ష్మీదేవక్క ఫోన్ చేసింది. డారెల్ ఫ్లాట్‌లో వంట చేసే కడప ఆవిడ.

"అన్నా, సార్ లేయడంల్యా. ఎంత పిలిచినా పలకడంల్యా" అంది.

నేను అజైబాలో ఆయన ఫ్లాట్‌కి చేరేసరికి అంబులెన్స్ వాళ్లు తాపీగా మెట్లు దిగుతున్నారు. వాళ్లకి తొందర లేదంటేనే నాకు అర్థమైపోయింది.

మా కోచ్ లేడు.

నిన్నంతా షాక్‌లో ఉన్నాను. ఈ రోజు మాత్రం ఒళ్లు మండిపోతోంది. అందుకే రాస్తున్నాను.

మా ఆఫీసు నుంచి సంతాపం మెయిల్ వచ్చింది, "మాజీ ఫుట్‌బాల్ ప్లేయర్" అని. పక్కన గుండ్రటి బంతి బొమ్మ. ఆయన జీతం తీసుకుని ఆడిన ఆటలో ఆ బంతే ఉండదు నాయనా. కనీసం మనిషి పోయిన రోజైనా ఆయన ఏ ఆట ఆడాడో కనుక్కోలేరా?

తెలియనివాళ్ల కోసం చెప్తాను.

డారెల్ అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్. రెండు కొసలూ సూదిగా ఉండే బంతి పట్టుకుని అవతలివాడు దూసుకొస్తుంటే, ఎదురెళ్లి గుద్ది కింద పడేయడం ఈయన పని. చిన్న ఊరి స్కూల్లో మొదలుపెట్టి, కాలేజీలో పేరు తెచ్చుకుని, పెద్ద టీమ్‌లోకి వెళ్లాడు. టీవీలో వచ్చాడు. వాళ్ల ఊరి పిల్లలు ఈయన నంబరున్న చొక్కాలు వేసుకుని తిరిగారట.

తర్వాత మోకాలు పోయింది. ఆ టీమ్ వదిలేసింది. ఇంకో టీమ్ తీసుకుని, అదీ వదిలేసింది. ముప్పై దాటేసరికి కెరీర్ క్లోజ్. సేఫ్టీ కోర్సు చేసి, దేశాలు తిరిగి, చివరికి ఈ గల్ఫ్‌లో మా కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్‌గా తేలాడు.

ఆయన వచ్చిన కొత్తలో మావాళ్లు చేసిన ఘనకార్యం ఒకటుంది.

అమెరికా నుంచి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ప్లేయర్ దిగాడని తెలియగానే, శుక్రవారం మా కంపెనీదే రుస్తాఖ్ సైట్‌వాళ్లతో మ్యాచ్‌కి ఆయన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టేశారు. ఆయన్ని ఒక్క ముక్క అడిగితే ఒట్టు.

బంతి ఎగిరి వచ్చింది. డారెల్ రెండు చేతులా పట్టేశాడు. పొట్టకి అదుముకుని పరుగో పరుగు. అడ్డొచ్చిన వాళ్లందరూ మట్టి కరిచారు. బంతితో సహా గోల్‌లోకి వెళ్లి, వెనక్కి తిరిగి, అందరూ ఎందుకు అరుస్తున్నారో తెలియక చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఆ రోజు నుంచి ఆయన మా గోల్‌కీపర్. మా అందరికీ కోచ్.

అలా మాలో కలిసిపోయి, తెలుగులో ఒక్క మాట నేర్చుకున్నాడు. "పర్లేదు."

ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మనం ఇంటికి ఫోన్ చేసి రోజూ చెప్పేది అదే కదా. జ్వరమొచ్చినా పర్లేదు, నడుం పట్టేసినా పర్లేదు, ముదీర్, అదే మేనేజర్, తిట్టినా పర్లేదు. విని విని ఆయనా పట్టేశాడు.

పోయిన ఏడాది నుంచి ఆయనకి తలనొప్పి ఎక్కువైంది. పగలే కర్టెన్లు వేసుకుని కూర్చునేవాడు. కారు షాపు ముందు పెట్టి, మర్చిపోయి, టాక్సీలో ఇంటికొచ్చేవాడు. పొద్దున పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ మీటింగ్‌లో నా పేరు కోసం తడుముకున్నాడు. సైట్‌లో కొందరు పీకలదాకా తాగొచ్చాడని నవ్వారు. ఆయన మందు ముట్టడు. నవ్వినవాళ్లు ఇది చదువుతుంటే బాగా చదవండి.

ఏమైంది కోచ్ అని అడిగితే, "పర్లేదు."

లక్ష్మీదేవక్క ఒకరోజు నా మీద పడింది. "ఈయప్పకు ఆ మాట యెవురు నేర్పిచ్చినారు సామీ? ముందు ఆయప్ప నోట్లోంచి దాన్ని తీసేయండి."

నేనే డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఆయన వెళ్లలేదు. ఫ్లాట్‌కి వెళ్లి నిలదీశాను. హెల్మెట్ పెట్టుకోనివాణ్ణి సైట్ బయటికి గెంటే మనిషివి, నీ తల సంగతి నీకు పట్టదా అని అరిచాను.

హెల్మెట్ పుర్రె పగలకుండా ఆపుతుందట, లోపల మెదడు అదరకుండా ఆపలేదట. ఆడే రోజుల్లో గుద్దుకుని కళ్లు బైర్లు కమ్మినా, లేచి మళ్లీ ఆడేవాళ్లట. ఎన్నిసార్లో లెక్కే లేదట. నవ్వుతూ చెప్తున్నాడు, మహానుభావుడు.

తర్వాత ఇంగ్లిష్‌లో నెమ్మదిగా అన్నాడు. "అక్కడ తల తిరుగుతోందంటే నా చోటు ఇంకొకడికి ఇచ్చేస్తారు. ఇక్కడ అదే మాటంటే అన్‌ఫిట్ అని రాసి ఫ్లయిట్ ఎక్కిస్తారు. నాకు వెళ్లడానికి ఇల్లు లేదు. మీరే ఉన్నారు."

మన రూముల్లో ఉన్న భయం కూడా అదే కదా. వీసా పోతుందని నొప్పి మింగేసే మనుషులే కదా మనమంతా. టీవీలో కనిపించిన మనిషి కూడా అదే చేశాడు.

డాక్టర్లు గుండె అంటున్నారు. అయ్యుండొచ్చు. నేను డాక్టర్ని కాదు. ఆయన్ని ఒక్క డాక్టరైనా బతికుండగా చూసుంటే బాగుండేది, నా కడుపుమంట అంతే.

శుక్రవారం మ్యాచ్ ఉంచాలా మానేయాలా అని మెసేజ్‌లు పెడుతున్నారు. ఉంచుదాం. రిఫరీగా నేనే నిలబడతాను. తలకి దెబ్బ తగిలినవాణ్ణి గ్రౌండ్‌లోంచి లాగి, నా కారెక్కించి, తిన్నగా ఆస్పత్రికి తీసుకెళ్తాను. బాగానే ఉన్నానన్నా అని ఎంత చెప్పినా వినను. తిట్టుకుంటే తిట్టుకోండి.

ఇక మిమ్మల్ని గుద్దడానికి ఎవరూ రారు కోచ్. మీ చోటు ఎవరికీ ఇవ్వం.

ముందు మీ తలకి, తర్వాత మీ ఆత్మకి శాంతి కలగాలి.