అక్క సీసాల్లోని సున్నపు తేట

నా చిన్నప్పుడు మా తాతయ్య టమాటా చేను పాడైంది పక్కింటి అక్క సీసాల వల్లేనని పుంగనూరు దగ్గర మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. తొంభైల్లో జరిగిన ఆ సంగతిని ఇంతకాలం దాచింది నేను.

అక్క మదనపల్లెలో డిగ్రీ చదివేది. ఏటా ఎరువులూ పురుగుమందు గుళికలూ పోసిన మా చేనిలో ఆ ఏడు పెంటికల కోసం గొర్రెల మంద కట్టించాలా వద్దా అని తాతయ్య తేల్చుకోలేకుండా ఉంటే, మట్టిలో ప్రాణం ఎంతుందో చూసి చెబుతానంది. మట్టిలో కంటికి కనబడని జీవులుంటాయట. వాటి ఊపిరి తగిలితే సున్నపు తేట, అంటే సున్నం కలిపిన నీళ్ళ మీద తేరిన నీరు, తెల్లబడుతుందట.

"మన్నుకు ముక్కు యాడుండాది పాపా?" అని తాతయ్య నవ్వాడు.

"రెండు దినాలు ఓర్సుకో తాతా, సూపిస్తా."

మా మట్టి ఒక వెడల్పాటి సీసాలో, వాళ్ళ చేని మట్టి ఇంకో దాంట్లో పోసి, రెండింటిలోనూ చిన్న గిన్నెడు సున్నపు తేట పెట్టి మూతలు బిగించింది. రెండో రోజు పొద్దున వాళ్ళ గిన్నెలో తెల్లటి పొర కట్టి ఉంది. మాది దాదాపు తేటగానే ఉంది.

"మీ మన్ను సచ్చినట్టు పండుకోనుండాది రా," అని నన్ను ఆటపట్టించి, సాయంత్రం తాతయ్యకు చూపిస్తానని కాలేజీకి వెళ్ళింది.

నాకు రోషం వచ్చింది. బొప్పాయి ఆకు కాడ తెంపి, మూత తీసి, మా గిన్నెలోకి ఊదాను. నీళ్ళు పాలలాగా అయ్యాయి.

సాయంత్రం అది చూసి అక్క గిన్నెను వెలుతురులో పెట్టి తిప్పి చూసింది. ఇంకోసారి పెట్టి చూద్దామంది. తాతయ్య వినలేదు. మట్టిలో ప్రాణం ఉందిగా అని, మంద రావద్దని అప్పుడే కబురు పంపాడు.

నారు నాటిన నెలకే మొక్కలు పాలిపోయాయి. వచ్చిన కాస్త పూతా రాలింది. తాతయ్య అక్కావాళ్ళ వాకిట్లో నిలబడి, వీధంతా వింటుండగా, "నీ సదువును నమ్మి మునిగిపోతిని పాపా," అన్నాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. నా ముఖంలో ఏం కనబడిందో, అక్క నన్నే చూస్తూ, "నేనే తప్పు సూసినాను తాతా," అంది.

మర్నాడు నన్ను పిలిచి, ఊదింది నువ్వే కదా అని అడిగింది. తలూపాను.

"చెప్తే మీ తాత నీ తోలు తీస్తాడు. నన్నయితే తిట్టి పోతాడు. పోనీలే అప్పా."

తాతయ్య తిట్టి ఊరుకోలేదు. బతికినన్నాళ్ళూ ఆ ఇంటివాళ్ళతో మాట్లాడలేదు. అక్కకు మళ్ళీ ఎవరూ మట్టి ఇవ్వలేదు, ఆమె కూడా అడగలేదు. ఒక్క మాటతో అదంతా ఆగేది. తాతయ్యను సాగనంపిన రోజు కూడా నేను ఆ మాట అనలేదు.

ఇప్పటికీ ఎవరైనా తప్పు తమదేనని ఒప్పుకుంటుంటే నేను వాళ్ళ వైపు చూడను. పక్కన నోరు మెదపకుండా నిలబడినవాళ్ళ ముఖాలు చూస్తాను.