రూతమ్మ గారి బీగాలు

మొన్న కర్నూలులో మా ఆఫీసు కొళాయి నీళ్లలో బ్లీచింగ్ పౌడరు కాస్త ఎక్కువ పడినట్టుంది. స్టీలు గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే ఆ ఘాటు ముక్కుకు కొట్టింది. పక్క సీటాయన మొహం చిట్లించి గ్లాసు కింద పెట్టేశాడు. నేను మాత్రం ఇంకోసారి వాసన చూసి నవ్వుకున్నాను. నాకది రూతమ్మ గారి గది వాసన. ఆమె కొంగుకు, ఆమె ఫైళ్లకు, ఆఖరికి ఆమె నాకు పంచిపెట్టిన చింతకాయ పచ్చడి అన్నానికి కూడా అదే వాసన ఉండేది. ఆ గ్లాసు నీళ్లు మొత్తం తాగేశాను. కడుపులో ఏమీ కాలేదు కానీ, ఆ రోజంతా ఇంకో పని చేయబుద్ధి కాలేదు.

ఇప్పుడు నా ఉద్యోగం ఏమిటంటే, జిల్లాలో ఏ ఆఫీసు కంప్యూటర్లో ఏ సమాచారం ఉంది, అది చేజారితే ఎంత నష్టం, దానికి ఎంత కాపలా పెట్టాలి అని తేల్చడం. వినేవాళ్లకు ఇదేదో పెద్ద చదువులా అనిపిస్తుంది. చదువు నాకూ ఉంది, సర్టిఫికెట్లు గోడకు కూడా తగిలించి ఉన్నాయి. కానీ నాకు ఈ పని నేర్పింది కంప్యూటరు ముందు కూర్చోవడమే ఇష్టం లేని ఒక నీళ్ల ఇంజనీరు, ఈ రూతమ్మ గారు. కడప జిల్లాలో ఒక చిన్న పట్టణంలో నీటి సరఫరా ఆమె చేతిలో ఉండేది. పొట్టి మనిషి, గట్టి గొంతు. వాళ్ల నాయన చర్చి పక్కన రెండెకరాల్లో వేరుశనగ వేసుకునే రైతు. వేసవిలో బావి ఎండిపోతే ఊరు ఎట్లా మారిపోతుందో చిన్నప్పటి నుంచీ చూసిన మనిషి. ఎమ్మిగనూరు పక్క పల్లె నుంచి మొదటి ఉద్యోగానికి వెళ్లిన నేను ఆమె దగ్గర కంప్యూటర్ ఆపరేటర్‌ని. నా పేరు నాగవేణి. ఆమె ఏనాడూ ఆ పేరుతో పిలవలేదు, పాపా అనేవారు.

నేను చేరిన కొన్నాళ్లకు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఆఫీసు సమాచారానికి భద్రత పెట్టాలి, ప్రమాదం తక్కువా మధ్యస్థమా ఎక్కువా చూసి దానికి తగిన ఏర్పాట్లు ఎంచుకోవాలి అని. వెనక చాంతాడంత జాబితా. ఎంచుకోవడం అనే మాట దగ్గర నేను ఆగలేదు. జాబితాలో అన్నిటికంటే గట్టివి చూసి అన్నీ పెట్టేశాను. పదహారు అక్షరాల పాస్‌వర్డు, పదిహేను రోజులకోసారి మార్పు, రెండు నిమిషాలు ముట్టుకోకపోతే తెర మూత, మళ్లీ తెరవాలంటే ఫోనుకు వచ్చే అంకెలు. మా దగ్గర ఉన్నవి మూడే రకాల సమాచారం. ఏ వీధికి ఏ పూట నీళ్లు వదులుతారనే పట్టిక, ట్యాంకులో ఎంత బ్లీచింగ్ మందు కలిపారనే లెక్క, జనం ఇచ్చిన ఫిర్యాదులు. మూడూ ఒకే పెట్టెలో పోసి ఒకే బీగం వేశాను. మా ఊళ్లో తాళాన్ని బీగమే అంటాం. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే నా అంతటిది లేదనిపించింది.

నాలుగో రోజు ఉదయం పదకొండింటికి ఆఫీసు ముందు బిందెల మోత. నలభై మంది ఆడవాళ్లు. నీళ్లు వదిలే సుంకన్న చేతులు కట్టుకుని వాళ్ల మధ్య నిలబడి ఉన్నాడు. వాల్వు ఉన్న చోట అతని ఫోనుకు సిగ్నల్ అందదు. అంకెలు రాలేదు, పట్టిక తెరుచుకోలేదు. ఏ వీధి వంతో తెలియక, తప్పు వీధికి వదిలితే తన్నులు తినాలి కాబట్టి, ఎవరికీ వదలకుండా వచ్చేశాడు. "నీళ్లు బాయిలో ఉండాయంట, టైము పెట్టెలో ఉండాదంట! ఆ పెట్టె తెరిసేదానికి ఎవురిని పిలవాలబ్బా?" అని ఒకామె అరుస్తోంది.

రూతమ్మ గారు బయటికి వచ్చి, తనకు గుర్తున్న వరకు వీధుల వంతులు చెప్పి సుంకన్నను పంపించారు. జనం వెళ్లాక నా సీటు దగ్గరికి వచ్చారు. గోడ మీద క్యాలెండరు వైపు చూశారు. తిథుల పక్కన, పండగల పక్కన నా పదహారు అక్షరాల పాస్‌వర్డులు పెన్సిల్‌తో రాసి ఉన్నాయి. ఆఫీసులో ఎవరికీ గుర్తుండక అందరూ కలిసి పెట్టుకున్న ఏర్పాటట. నాకు తప్ప అందరికీ తెలుసు.

"నీళ్లు ఎప్పుడిడుస్తారో దొంగతనం చేసేవాడు యాడన్నా ఉంటాడా పాపా?" అన్నారు.

నాకు కోపం, ఏడుపు రెండూ వచ్చాయి. "ఉత్తర్వు మేడం, భద్రత పెట్టమన్నారు" అన్నాను.

"పెట్టమన్నారు. దేనికెంత పెట్టాలో నిన్ను చూసుకోమన్నారు. నువ్వు చూసినావా?"

చూడలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక నన్ను జీపులో ఎక్కించుకుని ఊరి బయట నీళ్ల చెరువు దగ్గరికి తీసుకెళ్లారు. వేసవి కోసం నీళ్లు నింపి ఉంచే పెద్ద కట్ట అది. అప్పటికి నీళ్లు అడుక్కి వెళ్లిపోయి, రాతి గోడ చాలా ఎత్తు వరకు పొడిగా ఉంది. ఆ పొడి గోడ మీద మనిషి తలకంటే పైన తెల్లటి చార ఒకటి కనిపించింది.

"ఆ గీత ఏందో చెప్పు."

"నీళ్లు అంతవరకు వచ్చినాయి మేడం."

"ఎన్ని దినాలు వచ్చినాయి? వారమో, పది దినాలో. మిగిలిన కాలమంతా కిందనే ఉండాయి. అయినా కట్ట ఆ గీతను చూసే కట్టినారు. నడిమి లెక్క చూసి కట్టింటే ఊరు కొట్టుకపోతుండె." ఆమె బ్యాగులోంచి మూడు తెల్ల కాగితాలు తీసి నాకిచ్చారు. "మూడింటికీ మూడు ప్రశ్నలు రాయి. బయటపడితే ఎవరికి దెబ్బ, తప్పుబడితే ఎవరికి దెబ్బ, అందకపోతే ఎవరికి దెబ్బ. ఏందో నష్టం అని రాయొద్దు. మనిషిని రాయి."

కట్ట మీద ఎండలో కూర్చుని రాశాను. నీళ్ల టైము బయటపడితే ఎవరికీ దెబ్బ లేదు, అసలు అందరికీ తెలియాల్సిందే అది. అందకపోతే మాత్రం పొద్దున్నే కూలికి పోయే ఆడమనిషికి ఆ రోజు కూలి పోతుంది. మందు లెక్క బయటపడితే ఏమీ లేదు, కానీ అంకె తప్పుబడితే ఊళ్లో పసిబిడ్డలందరి కడుపులూ చెడతాయి. ఫిర్యాదుల కాగితం దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. బయటపడితే ఎవరికి దెబ్బ? నాకు హుసేన్‌బీ గుర్తొచ్చింది.

హుసేన్‌బీ మార్కెట్టు మూల మీద తోపుడుబండిలో జామకాయలు అమ్మేది. అంతకు పది రోజుల ముందు, ఆఫీసులో ఎవరూ లేని వేళ చూసుకుని వచ్చింది. "మా వీధి మొదట్లో పెద్దింట్లో పైపుకు మోటారు పెట్టి లాగుతాండారు పాపా. మా కొళాయికి గాలి వస్తాది, నీళ్లు రావు" అంది. ఆ పెద్దిల్లు ఎవరిదో ఊరందరికీ తెలుసు, నోరు మాత్రం ఎవరూ ఎత్తరు. "నా పేరు రాయాల్నా?" అని రెండుసార్లు అడిగింది. "రాయాలమ్మా, పేరు లేకపోతే కంప్యూటరు ముందుకు పోదు" అని నేను గొప్పగా చెప్పాను. ఆమె పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరు అన్నీ ఎక్కించాను. క్యాలెండరు చూసి పాస్‌వర్డు కొట్టగలిగిన ఎవరైనా ఆ పేరు చదవగలరని కట్ట మీద కూర్చున్నప్పుడే నాకు తట్టింది. రూతమ్మ గారికి కాగితం చూపించి మొత్తం చెప్పాను. ఆమె తిట్టలేదు. జీపు ఎక్కమన్నారు.

ఆ సాయంత్రమే పెట్టెను మూడుగా విడగొట్టాం. "మూడూ ఒక్క చోట ఉన్నంతసేపు పెద్దదాని బీగమే అన్నిటికీ పడతాది. అందుకే సుంకన్నకు నీళ్ల టైము దొరకలేదు" అన్నారు ఆమె. నీళ్ల పట్టికకు బీగమే తీసేసి ఆఫీసు గోడకు, వాల్వుల దగ్గర అతికించాం, అందరి ఫోన్లకూ పంపాం. మార్చే వీలు మాత్రం మా ఇద్దరికే. మందు లెక్క ఎవరైనా చూడొచ్చు, కానీ ఒకరు రాస్తే ఇంకొకరు చూసి సరే అనాలి, పాత అంకె చెరిపే వీలు ఉండకూడదు. ఫిర్యాదుల్లో మాత్రం ఇచ్చినవాళ్ల పేరు, ఇల్లు, ఫోను తీసేసి వరుస నంబరు ఒక్కటే ఉంచమన్నారు. పేర్లు ఒక నోటుబుక్కులో. ఆ బుక్కు ఆమె బీరువాలో. ఆ బీగం చెవి ఆమె మెడలో.

"ఇంత చదివి నోటుబుక్కా మేడం?" అన్నాను. నిజంగానే నాకు తల కొట్టేసినట్టు ఉంది.

"పెట్టెకు చెయ్యి పెట్టేవాళ్లు ఈడ పదకొండు మంది. నా మెడకు చెయ్యి పెట్టేవాడు ఎవడుండాడు?" అని, నా వెనక నిలబడి పాత ఫైలు చెరిపించారు. చెరిపాను. "ఆ చెత్తబుట్ట బొమ్మ ఉండాది గదా, దాంట్లోది గూడా పారెయ్" అన్నారు. అంతకంటే కంప్యూటరు గురించి ఆమెకు తెలిసింది లేదు. విసుక్కుంటూనే అదీ ఖాళీ చేశాను.

తర్వాతి వారం ఫిట్టర్లు వెళ్లి ఆ పెద్దింటి మోటారు ఊడబెరికి తెచ్చారు. రెండు రోజులు ఏమీ జరగలేదు. మూడో రోజు పదింటికి ఇద్దరు మగవాళ్లు ఆఫీసులోకి వచ్చారు. ముందు నడిచినాయన తెల్ల చొక్కా, మెత్తటి మాట. "ఏమ్మా బాగుండావా? కొంచెం లెయ్యి, మావాడు చూస్తాడు" అన్నాడు. నేను లేచాను. ఎందుకు లేచానని చాలా రోజులు నన్ను నేను తిట్టుకున్నాను. రెండో ఆయన నా కుర్చీలో కూర్చుని, నేను తెరిచి ఉంచిన కంప్యూటర్లోనే ఫిర్యాదులు తెరిచాడు. కంప్యూటరు బాగా వచ్చినవాడే, వేళ్లు చూస్తే తెలిసింది. వరుస నంబరు, వీధి మొదట్లో మోటారు, తీసివేశాం. అంతే ఉంది. పైకి కిందికి తిప్పాడు.

"పేరేదిమ్మా?"

అతను ఫైళ్లన్నీ వెతికాడు. పాతది అనే పేరుతో ఇంకేదైనా కాపీ ఎక్కడైనా దాచానా అని నా బుర్ర గిరగిరా తిరుగుతోంది. తెర మీది బాణం మెల్లగా చెత్తబుట్ట బొమ్మ మీదికి వెళ్లింది. రెండుసార్లు టక్‌టక్‌మంది. తెరుచుకుంది. ఖాళీ.

"ఏమీ ల్యాదన్నా" అన్నాడతను.

అప్పటికి రూతమ్మ గారు తన గది గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉన్నారు. "పేర్లు దాంట్లో పెట్టలేదప్పా" అన్నారు.

"మీకు తెలుసు గదా మేడం?" అన్నాడు తెల్ల చొక్కా ఆయన, అదే మెత్తదనంతో.

"నాకు తెలుసు. ఆ పాపకు ఏ సంబంధం ల్యా. నన్నడుగు."

"చెప్పండి మరి."

"చెప్పను."

ఆయన ఆమెను చూశాడు, ఆమె ఆయన్ను చూశారు. చివరికి ఆయనే నవ్వి, "శానా గట్టి మనిషివి మేడం" అని వెనక్కి తిరిగాడు. ఇద్దరూ మెట్లు దిగి బండి తీసిన చప్పుడు వినిపించింది. తర్వాత నేల మీదే కూర్చుండిపోయాను. నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది. గండం గడిచింది అని అందరూ అంటుంటారే, అది ఒంట్లో ఎట్లా ఉంటుందో ఆ రోజు తెలిసింది. రూతమ్మ గారు కూడా గుమ్మం పట్టుకునే నిలబడి ఉన్నారని అప్పుడే చూశాను.

కాస్త తేరుకున్నాక నేను చెప్పులు వేసుకున్నాను. "యాడికి?" అన్నారు.

"హుసేన్‌బీకి చెప్పి వస్తాను మేడం, భయపడొద్దని."

"నువ్వు పోయి ఆ జామకాయల బండి కాడ నిలబడినావంటే వాళ్లకు పేరు చెప్పినట్టే గదా పాపా. కూచో."

కూర్చున్నాను. అంత తెలివి నాకింకా రాలేదని సిగ్గుపడ్డాను. ఆ తర్వాత ఆ మార్కెట్టు మూల మీదుగా ఎన్నోసార్లు వెళ్లాను కానీ ఒక్క జామకాయ కొనలేదు. ఒకసారి దూరం నుంచి చూశాను. ఆమె బండి కింద పెద్ద ప్లాస్టిక్ బిందె, నిండా నీళ్లు. ఆ నీళ్లే పండ్ల మీద ధారాళంగా చల్లుతోంది. ఇంటికి వెళ్లి అమ్మకు ఫోను చేసి, కారణం చెప్పకుండా చాలాసేపు మాట్లాడాను.

ఇప్పుడు నా ముందుకు వచ్చే ఫారాల్లో నష్టం అనే గడి ఉంటుంది. అక్కడ సంస్థ ప్రతిష్ఠకు భంగం అని రాసి పంపిస్తారు. నేను వెనక్కి పంపి మనిషిని రాయమంటాను. నన్ను చాదస్తురాలు అనుకుంటారని తెలుసు, అనుకోనీ. ఆసుపత్రి వాళ్లు ఒకసారి రక్తం నిల్వల పట్టికకూ, రోగుల పరీక్షల ఫలితాలకూ ఒకే కాపలా రాసి తెచ్చారు. వాళ్లను కూర్చోబెట్టి మూడు తెల్ల కాగితాలు ఇచ్చాను. సాయంత్రానికి వాళ్లే విడగొట్టుకున్నారు.

ఇది రాసే ముందు కూడా ఒక కాగితం తీసుకుని కూర్చున్నాను. అందుకే చెప్పేస్తున్నాను. హుసేన్‌బీ ఆమె అసలు పేరు కాదు. ఆమె అమ్మింది జామకాయలు కాదు, ఆ మూల మార్కెట్టు మూల కాదు. ఊరి పేరు ఎట్లాగూ చెప్పలేదు. అన్నీ మార్చాక ఒక్క పేరు దగ్గర ఆగి, కడపలో విశ్రాంతిగా ఉన్న రూతమ్మ గారికి ఫోను చేశాను. మీ పేరు కూడా మార్చనా మేడం అని అడిగాను.

"నాది ఉంచు పాపా" అన్నారు. "ఎవరన్నా అడిగేదానికి వచ్చినారనుకో, చెప్పనని చెప్పేదానికి ఒక మనిషి ఉండాల గదా."