నక్క పరుగు, నా బొటనవేలు

పక్షవాతం వచ్చి తగ్గాక నా కుడి చేతికి కదలిక వచ్చింది గానీ స్పర్శ రాలేదు. బొటనవేలు మరీ మొద్దు. దాని మీద వేడి టీ ఒలికినా చూసి తెలుసుకోవాలి. ఏడవడానికి చెప్పడం లేదు, ఉన్నది రాస్తున్నాను.

నా బాధ ఒక్కటే, సంతకం. నలభై ఆరో ఏడు వచ్చేదాకా నాకు అక్షరం రాదు. ఆర్.కె. పురం క్వార్టర్లలో ఉన్నప్పుడు ఒకసారి రేషన్ కార్డు కాగితం మీద వేలిముద్ర వేస్తుంటే వెనకాల నిలబడ్డ ఆవిడ “అంగూఠా ఛాప్” అని నవ్వింది. అక్షరం రాని వాళ్లను ఇక్కడ హిందీలో అట్లా అంటారు. మరునాడే పై అంతస్తులో ఉండే తెలుగు టీచరమ్మ దగ్గర పలక పట్టాను. ఇప్పుడేమో బ్యాంకు వాళ్లు నా సంతకం పాతదానితో కలవడం లేదన్నారు. నెలాఖరులోగా వచ్చి సరిగ్గా పెట్టకపోతే పెన్షన్ ఖాతాను వేలిముద్రకు మారుస్తారట.

నేనుండేది మయూర్ విహార్‌లో, కూతురి ఫ్లాట్‌లో. ఫిజియోథెరపీ అమ్మాయి బొటనవేలికి పని చెప్పమంది. రబ్బరు బంతి నొక్కీ నొక్కీ విసుగొచ్చి మూల పడేశాను. కాలేజీకి వెళ్లే నా మనవరాలు అది చూసి తన వీడియో గేమ్ చేతికిచ్చింది. తెర మీద ఒక నక్క. అది ఇటుకలు పరిచిన నేల మీద గుంతలు దాటుకుంటూ కుడివైపు పోవాలి. ఎడమ బొటనవేలు దారి చూపిస్తుంటే, కుడి బొటనవేలు పరుగు బొత్తాన్ని నొక్కి పట్టుకోవాలి. దూకే బొత్తాం వెనకాల, చూపుడువేలి కింద ఉంటుంది.

మొదటి వారమంతా నక్క గుంతలోనే ఉంది. నేను దాన్ని అంచుదాకా తీసుకెళ్లి, ఆపి, లోతు చూసి, అప్పుడు దూకించేదాన్ని.

“అమ్మమ్మా, అంచుకాడ ఆగకు! పీఛే సే భగావో, వెనకనుంచే ఉరికించు!” అని అరిచేది మనవరాలు.

“నిలబడి దూకరాదానే దీనికి? కాళ్లు లేవా?”

“నిలబడి దూకితే రెండు ఇటుకలే పోతది. గుంత నాలుగు ఇటుకలుంది. స్పీడ్ నేల మీదనే తెచ్చుకోవాలె. హవాలో పెరగదు.”

“ఎవడు పెట్టిండే ఈ రూలు?”

“గేమ్ బనానే వాలా. దీన్ని చేసిన ఆయన మీద కేసు వేస్తవా?”

తరువాత పక్కన కూర్చుని చూపించింది. బొత్తాం నొక్కగానే నక్క పరుగెత్తదు. ముందు నడుస్తుంది. పట్టు వదలకుండా ఉంటే వేగం పెరుగుతూ వచ్చి, ఆరు ఇటుకలు దాటాక కాళ్లు విడిగా కనబడవు. అదీ దాని పూర్తి వేగం. వదిలేస్తే వెంటనే ఆగదు, ఇంకో ఇటుక దూరం జారుతుంది. సగం వేగంతో దూకితే ఎదుటి గోడకు కొట్టుకుని పడుతుంది.

అర్థమైంది. అయినా పడుతూనే ఉంది. తప్పు నక్కది కాదు. నా వేలు బొత్తాం మీద ఉందో జారిందో నాకు తెలిసేది కాదు. తెలుసుకుందామని చేతివైపు చూస్తే ఆలోపల నక్క పడిపోయేది.

ఒక మధ్యాహ్నం నక్క పరుగులో ఉండగా దాని కాళ్లు మళ్లీ విడివిడిగా కనబడ్డాయి. వేగం తగ్గుతోంది. చేతివైపు చూడకుండానే గట్టిగా నొక్కాను. కాళ్లు మళ్లీ కలిసిపోయాయి. నక్క మెల్లబడిందంటే నా వేలు సడలిందన్నమాట. ఆ రోజు నాలుగు ఇటుకల గుంత దాటాను. మనవరాలు చప్పట్లు కొట్టింది. టీ పెట్టమన్నాను.

బ్యాంకుకు ఇద్దరం వెళ్లాం. ఫారం మీద సంతకం పెట్టాను. కౌంటర్‌లో అతను తెర మీది నా పాత సంతకం వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

“మాతాజీ, యే తో డ్రాయింగ్ హై. అంగూఠా లగా దీజియే, ఆసాన్ రహేగా,” అని, ఇది సంతకం కాదు బొమ్మ, వేలిముద్రే సులువన్నట్టు ఇంకు ప్యాడు మూత తీసి నా ముందు పెట్టాడు.

“రుకో భయ్యా,” అన్నాను.

సంతకంలో ప్రతి అక్షరం ముందూ ఆగి వేలు చూసుకుంటున్నాను. ఆ సంగతి అక్కడ నిలబడ్డాక తెలిసింది. మనవరాలి దగ్గర చిత్తు కాగితం తీసుకుని సున్నాలు చుట్టడం మొదలుపెట్టాను. గీత పలచబడితే పట్టు సడలినట్టు, గట్టిగా పట్టుకున్నాను. వెనక లైన్‌లో ఎవరో “అరే, జల్దీ!” అన్నారు. సున్నాలు ఒకే తీరుగా వచ్చేదాకా చుట్టి, చెయ్యి ఆపకుండా ఫారం మీదికి తెచ్చి, వేలివైపు చూడకుండా పేరు రాసేశాను. చివరి అక్షరం గడి దాటి జారింది.

అతను తెరనూ కాగితాన్నీ రెండుసార్లు చూశాడు. “చలేగా,” అని ప్యాడు మూత పెట్టేశాడు.

మనవరాలు నా భుజం పట్టుకుని ఊపింది. “ఖుష్ హో, అమ్మమ్మా?”

వెతుక్కుంటే నాలో సంతోషం ఏమీ కనబడలేదు. ఏడుపూ లేదు.

“పెన్ను మూత ఏడ పెట్టినవే? చూడు,” అన్నాను.