ఎర్రగుడ్డ కట్టిన గడ

సుయ్-లాన్‌కు కోపం వస్తే నోరు పెగలదు, చేతులు ఆడతాయి. అత్తగారు బతికున్న రోజుల్లో ఆ కోపమంతా సింగాడా మడిలోనే తీర్చుకునేది. చిన్న పడవలో బోర్లా వంగి, నీటి మీద తేలే మొక్కను తిరగేసి, కింద వేలాడే కొమ్ముల కాయలను తెంపి బుట్టలో పడేస్తుంటే పక్క పడవల వాళ్లు అందుకోలేకపోయేవారు. "ఇవాళ ముసలమ్మ ఏమందేమిటే?" అని బీ-గెక్ వెనక పడవలోంచి అరిచేది. సుయ్-లాన్ మరో మొక్క తిరగేసేది.

అలా తిరగేసిన ఒక మొక్క మీదే, ఓ ఏడాది, నాలుగు గుడ్లు ఉన్నాయి. సింగాడా పిట్ట గూడంటే పెద్ద గూడేం కాదు. ఆకుల మీద నాలుగు తడి కాడలు, అంతే. ముదురు బెల్లం రంగు గుడ్లు ఆమె కళ్లముందే జారి నీళ్లలో పడ్డాయి. పొడుగు తోక పిట్ట ఆకుల మీద అటూ ఇటూ పరుగెడుతూ పిల్లికూనలా అరిచింది. ఆ రోజు ఆమె బుట్ట సగం కూడా నిండలేదు.

మర్నాటి నుంచి ఎక్కడ గూడు కనబడినా పక్కనే వెదురు గడ పాతి, కొసకు ఎర్రగుడ్డ కట్టడం మొదలుపెట్టింది. మిగతా కోతవాళ్లు ఆ చుట్టుపక్కల మొక్కలు ముట్టుకోకూడదని గుర్తు. మొదట్లో అందరూ నవ్వారు.

"పిట్టకు గృహప్రవేశం చేయిస్తోందర్రా!"

"ఆ పిట్టల్లో మగాడే గుడ్ల మీద కూర్చుంటాడట. ఆడది గుడ్లు పెట్టేసి ఇంకో మొగుణ్ని వెతుక్కుంటుందట. అందుకే దీనికంత ఇష్టం!" అంది బీ-గెక్.

"నీ మొగుణ్ని ఒక్క పూట కూర్చోబెట్టి చూడు, గుడ్డు మీద వక్క ఉమ్మేస్తాడు," అంది సుయ్-లాన్. ఆమె నోటినుంచి హాస్యం రావడం అరుదు. మడి మడంతా గొల్లుమంది.

నవ్వుతూ నవ్వుతూనే వాళ్లూ గడలు పాతారు. కొన్నేళ్లకు ఊళ్లో ప్రతి మడిలోనూ ఎర్రగుడ్డలు ఎగిరాయి. కాయ కోసుకుంటూ మధ్యలో తలెత్తి, బంగారు మెడ పిట్ట రెక్కల కింద గుడ్లు సర్దుకోవడం చూడటం సుయ్-లాన్‌కు అన్నం తిన్నంత అలవాటైపోయింది.

ఆ తర్వాత తైనాన్ పట్నం నుంచి పిట్ట ఫోటోల కోసం కార్లలో ఫిరంగుల వాళ్లు వచ్చారు. కెమెరాకు మోచేతంత గొట్టం తగిలించుకుని గట్టు మీద వరసగా కూర్చుంటారు కనక ఊళ్లోవాళ్లు పెట్టిన పేరది. మడి ఆసామి తియాం-హోక్ వాళ్లకు బల్లలు వేయించాడు. చల్లటి బూడిదగుమ్మడి టీ పోయించాడు. వాళ్లిచ్చిన పిట్ట ఫోటోను ఇంటి ముందుగదిలో, పూర్వీకుల పీఠం పక్కనే తగిలించాడు.

ఈసారి తొలికోత మొదలైన వారంలో, పొద్దున్నే మడి దగ్గరికి వచ్చేసరికి సుయ్-లాన్ పడవ ఆమె కట్టిన చోట కాక ఇంకోచోట ఉంది. పడవ అడుగున కోసేసిన ఆకులు పడి ఉన్నాయి. మడి వంక చూసింది. ఎర్రగుడ్డ గడ చుట్టూ మొక్కలన్నీ కోసేశారు. గూడున్న ఒక్క మొక్కను కర్రతో లాగి, ఎండ పడే చోట నిలిపారు. చుట్టూ ఖాళీ నీళ్లు, నడుమ చాపముక్కంత ఆకు. దాని మీద పిట్ట నిలబడి ఆగకుండా అరుస్తోంది. గుడ్లు మూడే ఉన్నాయి.

"ఎవరు చేశారిది?"

గట్టు మీద వరసలో పెద్దాయన, లియావ్ సారు, టోపీ సర్దుకున్నాడు. "ఆకులు అడ్డమొస్తున్నాయక్కా. కాస్త శుభ్రం చేశాం. గూడు ముట్టుకోలేదులే."

"నాలుగోది ఏది?"

"అదే జారింది. పిట్ట ఇప్పుడు మిగతావి వేరే చోటికి మోసుకుపోతుంది చూడండి. ఆ ఫోటో దేశంలో ఎవరి దగ్గరా సరైనది లేదు." ఆయన నిజంగానే సంతోషంగా ఉన్నాడు. "మీ ఎర్రగుడ్డ లేకపోతే మాకసలు దొరికేదే కాదక్కా. మీకు దండం పెట్టాలి."

ఆ మాట చెంపమీద కొట్టినట్టు తగిలింది. ఇన్నేళ్లూ కాపలా పెట్టాననుకుంది. నిజానికి గూడెక్కడుందో వేలు పెట్టి చూపించింది.

తియాం-హోక్ వక్క నములుతూ పరుగెత్తుకొచ్చాడు. "సుయ్-లాన్, గొంతు తగ్గించు. అతిథులు. వీళ్లవల్లే మన ఊరికి పేరు."

"నేనింకా గొంతెత్తలేదు మామా."

అప్పటికే ఆమె నడుంలోతు నీళ్లలో ఉంది. సింగాడా పిట్ట గడ్డానికీ రొమ్ముకీ మధ్య గుడ్డును ఇరికించుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ లాక్కుపోతుంది. దానికి ఆకుల దారి కావాలి. ఆ దారినే వీళ్లు కోసేశారు. సుయ్-లాన్ అవతలి మొక్కలను ఒక్కొక్కటిగా తోసుకొచ్చి గూడు దాకా వరస పేర్చింది. పేర్చి, పక్కకు జరిగి, ఊపిరి బిగబట్టింది.

పిట్ట ఒక కాలు వేసి చూసింది. వంగింది. మొదటి గుడ్డు కదిలింది.

గట్టు మీద కెమెరాలు టకటకలాడాయి. "అద్భుతం! అక్కా, కాస్త ఎడమకు! మీ టోపీ ఫోటోలో పడుతోంది!"

వాళ్లకు కావలసిన ఫోటోను తన చేతులతోనే పేర్చి పెట్టింది. అది తెలిసేసరికి సుయ్-లాన్ ముఖానికి చుట్టుకున్న పూలగుడ్డను ఊడదీసింది. రెండు చేతులా విప్పి పట్టుకుని, గొట్టాలకూ పిట్టకూ నడుమ నిలబడింది. ఆ పూట ఆమెకు నోరు పెగిలింది.

"నెల పురిట్లో ఉన్న మీ కోడలి గదికి తలుపులు ఊడదీసి, మంచం ఎండలోకి లాగి, బిడ్డను ఎత్తుకుని ఎటు పోతుందో చూస్తారా? సిగ్గులేని మొహాల్లారా! ఫోటో కావాలా? నన్ను తీసుకోండి. తీసి, మీ ఇళ్లలో పీఠం పక్కన పెట్టుకోండి!"

"ఏమ్మా, మేం కూడా పక్షుల్ని ప్రేమించేవాళ్లమే," అన్నాడు లియావ్ సారు.

"మీ ప్రేమకు ఒకటి మునిగింది చాలు."

బీ-గెక్ తన పడవను తెచ్చి ఆమె పక్కన అడ్డం పెట్టింది. ఇంకో ఇద్దరు వచ్చారు. గుడ్డలు విప్పారు. వాళ్ల వెనక పిట్ట మూడు గుడ్లనూ కోయని మొక్కల్లోకి చేర్చేదాకా ఎవరూ చేతులు దించలేదు.

ఆ సాయంత్రం సుయ్-లాన్ తన పాత చొక్కా చించింది. బీ-గెక్ దేవుడి పండగ నాటి ఎర్రగుడ్డంతా తెచ్చింది. మర్నాటికి మడి నిండా గడలే, ఊరి మడులన్నిటా గడలే, గూడు లేని చోటల్లా గడలే. గూడున్న చోట మాత్రం ఒక్కటీ లేదు. కోతవాళ్లకు ఇక ఆ గుర్తు అక్కర్లేదు. ఎక్కడుందో ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు.

"ఇదేం పిచ్చి? ఏది నిజమైందో నాకైనా చెప్పు!" అన్నాడు తియాం-హోక్.

"మీ గోడ మీదుందిగా మామా, దాన్నే చూసుకోండి."

ఫిరంగుల వాళ్లు వచ్చారు. ఒక ఎర్రగుడ్డ ముందు బల్లలు వేసుకుని ఎండలో కూర్చున్నారు. కాసేపటికి ఇంకో గుడ్డ ముందుకు మార్చారు. మడిలో ఆడవాళ్లు పడవల్లో వంగి నవ్వాపుకోలేక ఛస్తున్నారు.

సుయ్-లాన్ నవ్వలేదు. వీపు వెనక చేయి చాపితే అందేంత దూరంలో పిట్ట గుడ్లు సర్దుకుంటోంది. ఆకుల మీద కాళ్ల చప్పుడు వినిపిస్తోంది. తల తిప్పి చూస్తే గట్టు మీద కళ్లన్నీ అటే తిరుగుతాయి. మొక్క తిరగేసింది. కాయ తెంపింది. మరో మొక్క తిరగేసింది.

గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయని చివరికి బీ-గెక్ చెబితేనే ఆమెకు తెలిసింది. మూడూ వచ్చాయట, కాళ్లు బారెడు ఉన్నాయట. "చూశావా?" అని అడిగింది బీ-గెక్.

"ఆ ఫిరంగుల వాళ్లు నన్నెక్కడ చూడనిచ్చారే?" అంది సుయ్-లాన్, బుట్టను పడవ అంచుకేసి కొడుతూ.