ఎస్తేరమ్మ సిస్టర్ పుస్తకంలో నా సంతకం

మా ఊరి సబ్‌సెంటర్‌లో ఇరవై ఏళ్ళకు పైగా నర్సుగా సేవ చేసి, విశ్రాంతి తీసుకుంటున్న ఎస్తేరమ్మ గారు గుండెపోటుతో ప్రభువు సన్నిధికి చేరారన్న వార్త పోయిన ఆదివారం పిడుగులా వచ్చిపడింది. వడ్లు చెరుగుతున్న నేను చేట వదిలేశాను. అల్లూరు ఈవల మా నాలుగు పల్లెల్లో ఆమె చేతి టీకా పడని బిడ్డ లేదు. సంస్మరణ సంచికకు నాలుగు మాటలు రాయమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఆమె గురించి రాసే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే రాస్తున్నాను.

ఆమె కర్తవ్యనిష్ఠ నాకు మొదట్లో దుబారాగా కనిపించేది. టీకాల రోజున సీసా తెరిచి నాలుగు గంటలు దాటితే, మిగిలింది ఇక ఎవరికీ వేసేది కాదు. "ఇంకా సగం ఉండాదే, పారేస్తావా సిస్టరమ్మా? నీ అబ్బ సొమ్మయితే పారేస్తావా?" అన్నాను ఒకసారి. ఆమె నవ్వింది. "మందు మీద జాలిపడితే బిడ్డకు చీము పడతాదక్కా. రూలు రాసినోళ్ళు ఊరకే రాయలా" అంది.

చేసిన ప్రతి పనీ, వేళతో సహా, పుస్తకంలో రాసుకునేది. "రాయకపోతే చట్టం దగ్గర నేనా పని చేయనట్టే" అనేది.

నా కోడలు లలిత తొలికాన్పు నాడు ఆ పుస్తకం మా ఇంటికి వచ్చింది. పొద్దుటి నుంచి నొప్పులు వచ్చి ఆగుతున్నాయి. అప్పట్లో మా ఊళ్ళో చదువు లేకుండా వైద్యం చేసే మనిషొకడు నొప్పులు పెరగడానికి సూది వేసేవాడు. మా అమ్మాయి కాన్పుకు అతను తెప్పించిన సూదిమందులో ఒక బుడ్డి మిగిలితే, పారేయబుద్ధి కాక బియ్యం డబ్బాలో దాచాను. ఆ రోజు అతను ఊళ్ళో లేడు. సిస్టర్‌కు కబురు చేసి, రాగానే ఆ మందు చేతిలో పెట్టాను.

"ఇది బియ్యంలో దాచే సరుకా అక్కా? దీని తేదీ కూడా అయిపొయ్యుండాది."

"తేదీదేముండాది! వేసెయ్, ఇంట్లోనే అయిపోతాది."

"కొత్తదయినా నేనెయ్యను. పురుడయినాక రక్తం ఆగేదానికే దీన్ని మా చేతికిచ్చుండారు. బిడ్డ లోపలుండగా ఏస్తే గర్భసంచే పగలొచ్చు. డాక్టరు లేకుండా ఏసేదానికి నాకు హక్కు లేదు. ఆస్పత్రికి పదండి."

పంపనన్నాను. వాకిలికి అడ్డంగా కూర్చున్నాను. ఆమె కేకలేయలేదు. తాను వచ్చిన వేళ, నేనడిగింది, తాను వద్దన్నది అన్నీ పుస్తకంలో రాసి, "పంపనంటే ఈడ సంతకం పెట్టు" అంది. నాకా భయం అని పెట్టాను. అంతలో లోపలి నుంచి లలిత, "అత్తా, నేను చచ్చిపోతుండా, నన్ను పంపీ" అని అరిచింది. అప్పుడు లేచాను. అంబులెన్స్‌లో ఎస్తేరమ్మే దాని పక్కన కూర్చుంది. బిడ్డ అడ్డం తిరిగిందట. ఆపరేషన్ చేసి ఇద్దరినీ బతికించారు. ఆ సూది పడివుంటే ఇద్దరూ దక్కేవారు కాదని అక్కడి డాక్టరమ్మ నా మొహం మీదే చెప్పింది.

ఆ తల్లికి నేను చేసిన ప్రత్యుపకారం వినండి. నా మాట చెల్లలేదని వీధిలో నవ్వారు. సూదులేసే ఆ మనిషికి ఆమె వల్ల గిరాకీ తగ్గింది. పొద్దుటి నుంచి పిలిచినా అంబులెన్స్ వచ్చేదాకా సిస్టర్ రాలేదని, కోడలు చావు దాకా పోయిందని అతను అర్జీ రాసి తెచ్చాడు. మొదటి సంతకం నాది. ఐదో తరగతి దాకా చదివినదాన్ని, కూడబలుక్కుంటూ మొత్తం చదివే పెట్టాను. తెలియక పెట్టానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

విచారణకు వచ్చిన అధికారి అర్జీనీ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి, "ఇందులో నీ సంతకం ఏదమ్మా?" అన్నాడు.

"కాగితం మీదుండేది నాది సార్. పుస్తకంలోది నాది కాదు."

ఎస్తేరమ్మ నా వైపు తిరిగింది. "అక్కా, ఇంకోసారి చూడు."

"చూసినా. నాది కాదు."

బాలింతగా పుట్టింట్లో ఉన్న లలితను ఎవరూ అడగలేదు. నేను అడగనివ్వలేదు. దొంగ సంతకం పెట్టిందన్న మచ్చ ఆ సాధ్వి సర్వీసు పుస్తకంలో పడింది. ఆమెను దూరానికి బదిలీ చేశారు.

మూడేళ్ళకు మళ్ళీ మా ఊరికే వచ్చింది. వచ్చిన వారమే నా ఇంటికొచ్చి బీపీ చూసింది. "ఉప్పు తగ్గించక్కా, ఊరగాయ దాచుకునేది నీ ఒంట్లో కాదు" అంది, ఏమీ జరగనట్టే. ఒకసారి ఆమె నా నాడి లెక్కపెడుతుంటే, "సిస్టరమ్మా, ఆ పొద్దు నేను..." అన్నాను. "మాట్లాడబాకు, లెక్క తప్పుతాది" అంది. నేను నోరు మూసుకున్నాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు మూసుకునే ఉన్నాను. ఆమె రిటైరైన రోజు పూలదండ కూడా వేశాను.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు ఆమె సర్వీసు పుస్తకం ఉండే ఆఫీసుకు పోయి, ఆ మచ్చ తీసేయమని అడిగాను. "ఆమే పొయ్యింది గదవ్వా, ఇంకెవురి కోసం? ఆ ఫైలు మూసేసినాం" అన్నాడు గుమాస్తా.

అందుకే అచ్చులో రాస్తున్నాను. అటువంటి ధర్మమూర్తి మా పల్లెలకు మళ్ళీ రాదు. నా అశ్రునివాళి ఆమెకు అక్కరలేదు. ఇది చదివే మీకు మాత్రం నిజం కావాలి. ఆ పుస్తకంలో సంతకం నాదే. ఎస్తేరమ్మ ఆ రోజు వచ్చింది. పిలిచిన అరగంటలో, ఎండలో నడిచి వచ్చింది.