గుట్టెక్కిన సముద్రం

నా చిన్నప్పుడు మా చిన్నాయన పెళ్లిచూపుల్లో ఆడిన ఒకే ఒక అబద్ధం మా ఇంటిని పునాదులతో సహా ఊపేసింది. పెళ్లికూతురిది సముద్రం ఒడ్డున ఊరు. మీకు సముద్రం దగ్గరేనా అని ఆమె అడిగింది. ఆమెను చూసి మతి పోగొట్టుకున్న చిన్నాయన, మా ఊరి గుట్ట ఎక్కితే సముద్రమే అనేశాడు. మాదేమో కడప దగ్గర నాపరాళ్ల పల్లె. బావిలో చేద వేస్తే పాతాళంలో వాళ్లు తాడు పట్టుకుని, మాక్కూడా ఓ చుక్క నీళ్లు పొయ్యండప్పా అని అడిగేవాళ్లు.

కాపురానికొచ్చిన చిన్నమ్మకు గుట్ట అవతల ఉన్నవి కంపచెట్లు, బండలు తీసిన గుంతలు, ఇంకో గుట్ట అని తెలిసిపోయింది. వెంటనే ట్రంకుపెట్టె సర్దింది. అబద్ధం మీద కాపురం నిలబడదు, మధ్యాహ్నం బస్సుకే పుట్టింటికి పోతానంది. ఆమె కన్నీళ్లకు మా పెరట్లో ఎండిపోయిన కరివేపాకు చిగురించింది. చిన్నాయన కొట్టంలో దూరి ఎద్దుకు తన కష్టం చెప్పుకుంటే, అది కూడా మొహం తిప్పుకుంది.

మా జేజి, అంటే నాయన తల్లి, కోడల్ని బతిమాలలేదు. బస్సుకు ఇంకా శానా పొద్దు ఉండాది, గుట్ట దాకా వచ్చి పొమ్మంది. నేనూ వెంటపడ్డాను.

గుట్ట మొదట్లోనే ఒక బండ దగ్గర ఆపింది. బెల్లంపాకంలో వేరుశనగ గింజల్లా బండ లోపల గుండ్రటి గులకరాళ్లు ఇరుక్కుని ఉన్నాయి. అవి ఏటిలో దొర్లి దొర్లి నునుపెక్కినవట. మనుషులే కాదు, చేపలు కూడా పుట్టకముందు ఇక్కడ ఏరు పారిందట. రాళ్లను పరీక్షించడానికి వచ్చిన కాలేజీ పిల్లలు మా ఇంట్లో సంగటి తింటూ జేజికి చెప్పిన కథ ఇది. నాకు ఒళ్లంతా పులకరించింది. ఏరుంటే అది పోయి కలిసేది ఒకటుండాలి కదా! అందరికంటే ముందు నేనే పైకి పరిగెత్తాను.

పైన నూర్పిడి కల్లమంత బండ. భూమి నిద్రలో ఒత్తిగిల్లితే లేచినట్టు ఏటవాలుగా ఉంది. దాని నిండా అలల గీతలు, నీళ్లు ఇప్పుడే వెనక్కి పోయినంత తాజాగా!

"చెప్పులిడిచి ఎక్కు పాపా," అంది జేజి కోడలితో.

చిన్నమ్మ ఎక్కింది. ఆ గీతల్లో పాదాలు పెట్టి కదలకుండా నిలబడింది. వంగి వేళ్లతో తడిమింది.

"పోటు దిగాక మా ఊళ్లో ఇసక అచ్చం ఇలాగే ఉంటుందత్తా."

"ఇదీ సముద్రమే. నా కొడుకు రవ్వంత ఆలస్యంగా చెప్పినాడు, అంతే."

ఇదంతా తెలిసే చెప్పాడా అని చిన్నమ్మ అడిగింది.

"వానికేం తెలుసు పాపా. నీ మొగం చూసి వాగినాడు."

చిన్నమ్మ నవ్వింది. ఆ నవ్వుకు కంపచెట్లలోని కౌజుపిట్టలన్నీ లేచి ఎర్రగుంట్ల దాకా ఎగిరిపోయాయి. బస్సు హారన్ కొట్టి కొట్టి విసిగి పోయే వేళకు ఆమె చిన్నాయనను పిలిపించి ఆ బండ మీదే, నడి ఎండలో, ఒట్టికాళ్లతో నిలబెట్టి క్షమాపణ చెప్పించుకుంటోంది. ఆయన గెంతిన గెంతులకు సముద్రం నిజంగానే ఎగిసిపడినట్టుంది.

కొడుకు చెప్పింది నిజమని జేజి అనలేదు, అబద్ధమనీ వదిలేయలేదు. గుట్టెక్కి చూసుకోమంది. సీమలో రాళ్లు తప్ప ఏముండాదప్పా అని ఎవరన్నా అంటే నేనూ ఇప్పుడు వాదించను, చేయి పట్టుకుని గుట్టెక్కిస్తాను. నా సంగతంటారా, ఆ బండ మీద కాలు పెట్టేటప్పుడు ఇప్పటికీ పంచె తడవకుండా పైకెత్తి పట్టుకుంటాను.