తాళాల గుత్తి మీద రాజమల్లు

నాలుగేళ్ల కిందటి వానాకాలం, గోదావరిఖనిలో కంపెనీ డిస్పెన్సరీ. మొదటి షిఫ్టు వేళకు మా వరండా నిండా నడుము నొప్పులే. సిక్కు, అంటే జబ్బు సెలవు, కావాలంటే నడుమును మించింది లేదు. జ్వరమంటే థర్మామీటరు గుట్టు బయటపెడుతుంది. నర్సుగా ఆ మూలుగులన్నీ నాకు కంఠతా వచ్చు.

బొగ్గుబాయిలో పనిచేసే రాజమల్లు అందులో ఆరితేరినవాడు. ఇద్దరి భుజాల మీద వచ్చి, సిక్కు చీటీ చేతిలో పడగానే బండి తోలుకుంటూ పోయేవాడు. ఆ రోజు మాత్రం గోడ పట్టుకుని ఒక్కడే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

"అక్కా, నడుము జర పట్టింది. సూది ఇయ్యి, డ్యూటీకి పోత."

"సిక్కు వద్దా?" అన్నాను.

"వద్దు. ఎల్లుండి బిడ్డ ఓణీల ఫంక్షన్. సెలవు గప్పుడు పెట్టుకున్న. కోతకు యాటను గూడ తెచ్చిన."

వరండా అంతా నవ్వింది. మందు తీద్దామంటే అలమర తాళాల గుత్తి కనబడలేదు. అందరినీ లేపి వెతికించాను. గుత్తి రాజమల్లు కిందే ఉంది, అన్నీ మొద్దు ఇనుప తాళంచెవులు.

"గుచ్చుకోలేదా?"

"తెల్వలేదక్కా. పొద్దుగాల నుంచి కిందంతా మొద్దుబారినట్టున్నది."

నా నవ్వు ఆగిపోయింది. మిగతావాళ్లను బయటికి పంపి, ఒంటికి ఎప్పుడు పోయినవని అడిగాను.

"నడుము నొప్పికి గది గూడ అడుగుతరా?" అని గోడవైపు తిరిగాడు. "రాత్రి నుంచి రాలేదు. కాలి చెప్పు జారిపోయినా తెలుస్తలేదు."

వెన్ను చివర కాళ్లకూ మూత్రసంచికీ వెళ్లే నరాల కట్ట ఉంటుంది. జారిన డిస్కు దాన్ని నొక్కేస్తే కాడా ఈక్వినా సిండ్రోమ్ అంటారు. కూర్చునే చోట స్పర్శ పోతుంది, మూత్రం ఆగుతుంది, కాళ్లు పట్టు తప్పుతాయి. ఆపరేషన్ ఆలస్యమైతే అవి జీవితాంతం మిగిలిపోవచ్చు. డాక్టరుగారు దూదితో తాకి చూసి, మూత్రానికి గొట్టం వేయించి, వెంటనే కరీంనగర్ పంపమన్నారు.

రాజమల్లు అంబులెన్సు ఎక్కనన్నాడు. "ఫంక్షన్ అయినంక పోత. చుట్టాలొస్తున్నరు."

"అయినంక పోతే బిడ్డ పెండ్లిల గూడ గీ గొట్టంతోనే కూసుంటవ్" అన్నాను. అంతే, ఎక్కాడు.

ఆ సాయంత్రమే ఆపరేషన్ అయింది. ఫంక్షన్ వాయిదా పడింది, యాట దసరా దాకా బతికింది.

గొట్టం తీసిన రోజు ఫోన్ చేశాడు. చేతులకు గ్లవ్స్ ఉన్నాయని స్పీకర్ పెట్టాను.

"అక్కా, వచ్చింది. నా అంతట నేనే పోసిన."

వరండా అంతా విన్నది, ఎవరూ నవ్వలేదు. నాకు కళ్లు నిండిపోయాయి.

అప్పటి నుంచి నడుము పట్టుకుని వచ్చినవాడు ఎంత నటుడైనా సరే, ముందు నా ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిందే. సిగ్గుతో మెలికలు తిరుగుతారు. "అన్నీ మంచిగనే నడుస్తున్నయక్కా" అని గొణుగుతారు. అబద్ధపు నడుము నొప్పి వెంట వచ్చినా, ఆ మాట వింటే నాకు ప్రాణం కుదుటపడుతుంది.